కుడివైపు, కాస్త కింద

మార్చి 13, బుధవారం

ఇది రాయడం ఇక వాయిదా వేయలేను. నిన్న పొద్దున ఏడుంబావుకి మా నాన్న టాక్సీ తగిలి, మలుపు దగ్గరున్న పునీత పరస్కెవీ గూడు పడిపోయింది. టాక్సీలో బడికి వెళ్ళే పిల్లలు నలుగురున్నారు. ఎవరికీ గీత కూడా పడలేదు. కళ్ళు కాచే ఆ తల్లే అడ్డుపడి పిల్లల్ని కాపాడిందని ఊరంతా అంటోంది. గూడు ఎందుకు పడిందో నాకు తెలుసు. ఎవరికీ చెప్పలేదు. కాగితం మీదైనా పెట్టకపోతే నాలుగు రోజుల్లో నేను కూడా అది ఆ తల్లి మహిమే అని నమ్మేస్తాను. నమ్మాలని చాలా కోరికగా ఉంది. అందుకే భయం.

కొత్త నోటుబుక్కు. ఎవరిదో రాసుకోవాలి కదా. స్తమాతా, ఇరవై ఆరేళ్ళు, కస్తనోరాహి ఊరు. మా ఇంట్లో ఆరో తరగతి దాటిన మొదటి మనిషిని. పట్టణంలో డాక్టర్ ఖ్రిసాంథి గారి కంటి క్లినిక్‌లో పనిచేస్తాను. చూపు ఎంత మేర ఉందో కొలిచే ఫీల్డ్ టెస్టు మిషను నా చేతి కింద ఉంటుంది.

ఆ గూడు నేను పుట్టకముందు నుంచీ అక్కడే ఉంది. ఇనుప కాళ్ళ మీద రేకు పెట్టె, అద్దం తలుపు, లోపల పటం, దీపం, నూనె సీసా. రోడ్డుకి కుడివైపు, కాస్త కింద. నాన్న రోజుకి నాలుగుసార్లు ఆ మలుపు తిరుగుతాడు. కళ్ళు మూసుకుని తిరగగలనంటాడు.

ఎండ కళ్ళలో పడిందట.

ఆ మలుపు కొండకి పడమటి వైపు. పొద్దున పూట అక్కడ ఎండ ఉండదు.

మార్చి 14

మొదటి టెస్టు ఎప్పుడూ సరిగా రాదు. రోగికి అలవాటుండదు, కంగారు పడతాడు, రెప్ప వాలిపోతుంది. రెండో టెస్టునే నమ్మాలి. ఇది నా మాట కాదు, మా పుస్తకంలో ఉంది. నేను పుస్తకంలో ఉన్నట్టే చేశాను.

మార్చి 17, ఆదివారం

ఉపవాసాలకి ముందు ఆఖరి ఆదివారం. అమ్మ జున్ను రొట్టెలు చేసింది. పెదనాన్న కోస్మాస్ వచ్చాడు. ఆయనకి ఎడమ కన్ను పూర్తిగా పోయింది, కుడికన్ను సగం ఉంది. వచ్చీ రాగానే మొదలుపెట్టాడు.

"ఏరా స్తెర్యో, ఇంత కొండ మీద గుద్దడానికి నీకు ఆ తల్లే దొరికిందా? నన్ను గుద్దినా బాగుండేది. ఎలాగూ సగం పోయినవాణ్ణి."

"ఎండ అన్నయ్యా."

"ఎండా! ఒంటికన్ను వాడికి, నాకే కనబడుతుంది కదరా ఆ గూడు!"

"పండగపూట ఆ మాటలెందుకు బావగారూ," అంది అమ్మ. "కొత్త గూడు చేయిస్తాం. వెండి రేకు మీద రెండు కళ్ళు చెక్కించి కట్టిస్తానని మొక్కుకున్నాను."

"మూడు చెక్కించమ్మా. నాకో కన్ను తక్కువుంది." తనే నవ్వి, రొట్టె తుంచుకుని నా వైపు తిరిగాడు. "చెప్పవే డాక్టరమ్మా. నా కంటి ప్రెషర్ ఎంత ఉండేది, ముప్పై ఎనిమిదా?"

"ముప్పై ఎనిమిది పెదనాన్నా."

"మీ నాన్నది?"

"పధ్నాలుగు."

"చూశావా! నేను ముందు పుట్టి ఇంట్లో ఉన్న జబ్బంతా నేనే తాగేశాను. తమ్ముడికి చుక్క మిగల్చలేదు. పధ్నాలుగంటే పెళ్ళికొడుకు కన్ను కదటే?"

"అవును పెదనాన్నా."

నాన్న ప్లేటులోకి చూస్తూ రొట్టె తింటున్నాడు. తల పైకెత్తలేదు.

పధ్నాలుగు. మా ఇల్లు ఇల్లంతా ఆ అంకె మీద కాలు చాపుకుని కూర్చుంది. ఆ అంకె నేనే తెచ్చి ఇచ్చాను.

మార్చి 18, శుద్ధ సోమవారం

చెరువు దిబ్బ మీద అందరం గాలిపటాలు ఎగరేశాం. టాక్సీ పిల్లల్లో ఒకతి, మెల్పో, దాని గాలిపటం దారం తెగిపోతే, అది ఎక్కడ తేలుతోందో అందరికంటే ముందు నాన్నే చూపించాడు. అంత దూరాన్నుంచి, అంత ఎత్తులో ఉన్నదాన్ని! ఎంత సంతోషం వేసిందో. చూపు పోయినవాడు అలా చూడగలడా? ఎందుకు నేను ఇంత భయపడుతున్నానో.

తర్వాత దుప్పటి మీద భోజనానికి కూర్చోబోతూ ఆలివ్ గిన్నె మీద అడుగు వేశాడు. అమ్మ తిట్టింది.

కుడికాలు.

మార్చి 21, గురువారం

ఇవాళ క్లినిక్‌లో ఇద్దరు వచ్చారు, ఒకరి వెనక ఒకరు. ఎవరో కావాలని నా ముందు కూర్చోబెట్టినట్టుంది.

మొదటాయన పై ఊళ్ళ గొర్రెల కాపరి. పెదనాన్న రకం. కంటి లోపల, కటకం అంచున, పాత గోడ సున్నంలా తెల్ల పొట్టు. ఆ పొట్టు పోయి కంటి నీళ్ళు బయటికి పోయే సన్నటి జల్లెడకి అడ్డం పడుతుంది. ప్రెషర్ నలభై. ఒక కన్ను దాదాపు చీకటి, రెండోది బాగానే ఉంది. మిషను ఇచ్చిన పటంలో చెడిన కన్ను చుట్టూతా నల్లబడి మధ్యలో చిన్న కిటికీ మిగిలింది. ఈ రకాన్ని ఎవరైనా పట్టుకోగలరు. అంకె అరిచి చెబుతుంది.

రెండో ఆవిడ రిటైరైన దర్జీ. ప్రెషర్ పదిహేను. అక్షరాల పలక మీద ఆఖరి వరుస దాకా గడగడా చదివేసింది. పటం చూస్తే చుట్టూ తెల్లగా ఉంది, నడిమికి దగ్గరగా ఒక్కచోట మాత్రం ఎవరో పంటితో కొరికినట్టు చిన్న నల్ల గంటు. చిన్నదే, చాలా లోతు. ఇది కూడా నీటికాసుల జబ్బే, గ్లకోమా. దీనిలోనూ నీళ్ళు పోయే కోణం తెరిచే ఉంటుంది. అంకె మాత్రం నోరు మెదపదు.

ఆవిడ ఒప్పుకోలేదు. "నాకెక్కడా నల్లగా కనబడటం లేదే డాక్టరమ్మా! మీ మిషనుకే ఏదో పట్టింది."

"నల్లగా కనబడదు," అన్నారు డాక్టరుగారు. "చూపు లేని చోటుని మీ మెదడే పూడ్చేస్తుంది. రోడ్డు మీద చూస్తే రోడ్డుతో, గోడ మీద చూస్తే గోడతో. చిరుగు మీద అదే రంగు గుడ్డ వేసి మీరు కుడతారు చూడండి, అలాగ."

"అయితే నా కన్ను నాకంటే మంచి దర్జీ అన్నమాట."

"అవును. అందుకే ఇంత ఆలస్యంగా వచ్చారు."

ఆవిడ నవ్వడం ఆపి, ఒడిలో సంచీ సర్దుకుంటూ అడిగింది: "పదిహేను మంచిదే కదా మరి?"

"కొందరి నరానికి అది కూడా బరువే. చుక్కల మందు వేసి పదికి దించుదాం. పోయింది తిరిగి రాదు. ఉన్నదాన్ని నిలబెట్టుకోవాలి."

నేను పరీక్షలో ఈ ప్రశ్నకే ఇరవైకి పంతొమ్మిది మార్కులు తెచ్చుకున్నాను. పంతొమ్మిది.

ఆవిడ వెళ్ళాక డాక్టరుగారు ఫైలు మూస్తూ అన్నారు: "స్తమాతా, మీ పెదనాన్నకి ఉందిగా. మీ నాన్నగారిని ఎప్పుడు చూశాం?"

"నవంబరులో డాక్టరుగారూ. లైసెన్సు రెన్యూవల్ అప్పుడు. బాగానే వచ్చింది."

"ఆఁ, గుర్తుంది. నువ్వే చేశావుగా."

నువ్వే చేశావుగా.

మార్చి 25

జెండా పండగ ఊరేగింపు. పిల్లలందరూ నీలం, తెలుపు బట్టల్లో బడి నుంచి చౌకు దాకా నడిచారు. అయిపోయాక మెల్పో వచ్చి నా చెయ్యి పట్టుకుని వేలాడింది. ఏడేళ్ళ పిల్ల, నాన్న టాక్సీలో వచ్చే నలుగురిలో చిన్నది. దాని బుగ్గలో ఏదో మిఠాయి ఉంది.

"ఎవరిచ్చారే?"

"తాత. నేనే గెలిచాను ఇవాళ, కుడి ఆటలో."

"అదేం ఆట?"

"నీకు తెలీదా? మీ నాన్న కదా! కుడి కిటికీ దగ్గర కూర్చున్నవాళ్ళు అటువైపు ఏదొచ్చినా అరవాలి. మేక, రాయి, ముసలమ్మ, ఏదైనా. తాతకంటే ముందు అరిస్తే కారమెల్."

"తాత ఎప్పుడైనా గెలిచాడా?"

"ఊహూఁ. ఎప్పుడూ మేమే. తాతకి రాదు ఆ ఆట."

"ఎప్పట్నుంచి ఆడుతున్నారు?"

"క్రిస్మస్‌కి ముందు నుంచి." అని నా చెవి దగ్గరికి వచ్చింది. కారమెల్ వాసన. "స్తమాతక్కా, ఒకటి చెప్తా, ఎవరికీ చెప్పనని ఒట్టు పెట్టు. ఆ రోజు గూడు దగ్గర కిటికీ పక్కన నేనే ఉన్నా. బూటు లేసు కట్టుకుంటున్నా. అరవలేదు. అందుకే పడిపోయింది. ఆ తల్లికి నా మీద కోపం వచ్చి ఉంటుంది కదూ?"

రాదని చెప్పాను. అది నీ తప్పు కాదని చెప్పాను. ఎవరి తప్పని అడుగుతుందేమోనని వెంటనే ఐస్‌క్రీం కొనిపెడతా రమ్మన్నాను.

ఏడేళ్ళది. బూటు లేసు.

ఏప్రిల్ 2

డాక్టరుగారికి చెప్పాలి.

ఏప్రిల్ 5

ఆవిడ గది ముందు రెండుసార్లు నిలబడ్డాను. రెండోసారి ఆవిడే తలుపు తీశారు. "కాఫీ పెడుతున్నావా? నాకూ ఒకటి." పెట్టి ఇచ్చాను. చక్కెర సరిపోయిందన్నారు.

ఏప్రిల్ 11, గురువారం

నవంబరులో ఏం జరిగిందో ఇంతవరకు రాయలేదు. నాలుగు వారాలుగా దాని చుట్టూ తిరుగుతున్నాను. ఇవాళ క్లినిక్‌కి సెలవు పెట్టాను, జ్వరమని. జ్వరం లేదు.

నవంబరు 17, శుక్రవారం. శుక్రవారాలు క్లినిక్ నిండిపోతుంది. నాన్న చలికోటు మడిచి ఒళ్ళో పెట్టుకుని, గుళ్ళో కూర్చున్నట్టు కూర్చున్నాడు. నేను తెల్లకోటులో వస్తే లేచి నిలబడ్డాడు. కూతురి కోసం లేచి నిలబడ్డాడు. పక్కనున్న ముసలాయనతో "మా అమ్మాయే," అన్నాడు.

గడ్డం మిషనుకి ఆనించి, ఎడమ కన్ను మూసి, చేతికి మీట ఇచ్చాను. "నడిమి పసుపు చుక్కనే చూడు నాన్నా. చుట్టుపక్కల ఎక్కడ దీపం మెరిసినా నొక్కు. అంతే. కళ్ళు తిప్పకు." మొదటి టెస్టు సరిగ్గా చేశాను. రెండు కళ్ళకీ. అడ్డదారులేమీ తొక్కలేదు. కాగితం బయటికొచ్చింది. కుడికన్ను పటంలో నడిమికి దగ్గరగా, కుడివైపు, కాస్త కింద, సిరా ఒలికినట్టు నలుపు. ఎడమకన్నులో కూడా సరిగ్గా అటే, కొంచెం చిన్నది. ఒక కన్ను చూడని చోటిని రెండో కన్నూ చూడదు.

నేను ఆ కాగితం ఎవరికీ చూపించలేదు. మొదటి టెస్టు ఎప్పుడూ సరిగా రాదు అనుకున్నాను. "ఇంకోసారి చేద్దాం నాన్నా, నువ్వు కంగారు పడ్డావు."

"కంగారేం లేదే. దీపాలే తక్కువ వస్తున్నాయి."

"ఎక్కువే వస్తున్నాయి. జాగ్రత్తగా నొక్కు."

మాది పాత మిషను. దీపం వేసే ముందు లోపల అద్దం కదిలి టిక్‌మంటుంది. అప్పుడప్పుడు కావాలనే టిక్‌మని దీపం వేయకుండా ఊరుకుంటుంది, ఎవరైనా గుడ్డిగా నొక్కుతున్నారేమో పట్టుకోవడానికి. నాన్న నలభై ఏళ్ళుగా మా పండగ మేళంలో డప్పు వాయిస్తాడు. క్లారినెట్టు ఎక్కడికి పోయినా, పాడేవాడు తాగి తూలినా దరువు తప్పని మనిషి. రెండోసారి మొదలైన నిమిషానికే నాకు వినబడింది. టిక్, నొక్కు. టిక్, నొక్కు. టిక్, నొక్కు. ఆయన దీపాలు చూడటం లేదు. వింటున్నాడు.

ఆపాలి. ఆపి, "నాన్నా, చప్పుడుకి కాదు, వెలుగుకి," అని చెప్పాలి. రోజూ ముసలివాళ్ళకి పదిసార్లు చెప్పే మాట. చెప్పలేదు. చెప్పకపోవడమే కాదు. "సరిగ్గా పట్టావు నాన్నా, అలాగే కానీ," అన్నాను.

పటం తెల్లగా వచ్చింది. కింద చిన్న అక్షరాల్లో, దీపం లేని చోట కూడా ముప్పై మూడు శాతం నొక్కాడని ఉంది. పదిహేను దాటితే ఆ కాగితం చించేయాలన్నది మా క్లినిక్ నియమం. దాన్ని పెద్ద అక్షరాల్లో రాసి గోడకి అంటించింది నేనే.

డాక్టరుగారు పటం మీద ఒక్క చూపు చూసి, "దీన్ని నమ్మచ్చా?" అని అడిగారు. బయట పదిహేనుమంది ఉన్నారు.

"అవును," అన్నాను.

ఆవిడ సంతకం పెట్టారు. నేను ముద్ర వేశాను. మొదటి టెస్టుని మిషన్లోంచి తీసేశాను. కాగితం మాత్రం చించలేకపోయాను. ఈ నోటుబుక్కు వెనక అట్టలో ఉంది.

ఎందుకు చేశావని నన్ను నేను అడిగితే, టాక్సీ కోసం అని చెప్పుకుంటాను. పిల్లల బడి కోసం అని. అది కాదు. ఆయన నా కోసం లేచి నిలబడ్డాడు. ఆ ముసలాయన ముందు నేను బయటికి వచ్చి, "లేదు, మా నాన్న తప్పాడు," అని చెప్పలేకపోయాను. అంతే. దానికి ఇంకో పేరు లేదు.

అప్పుడే చుక్కలు మొదలుపెట్టి ఉంటే ఇప్పటికి అయిదు నెలల మందు పడేది. ఆ సిరా మరక ఇప్పుడెంత ఉందో నాకు తెలియదు. కొలిచేది నేనే కదా.

ఏప్రిల్ 16

డాక్టరుగారు నన్ను పెద్ద ఆసుపత్రిలో ఆరు నెలల శిక్షణకి పంపిస్తానన్నారు. "నీ చేతి టెస్టు అయితే నేను రెండోసారి చూడనక్కరలేదు," అన్నారు.

థాంక్స్ చెప్పాను.

ఏప్రిల్ 19, శుక్రవారం

నాన్న టాక్సీలో ఇంటికొచ్చాను. ముందు సీట్లో, ఆయనకి కుడివైపు. రెండో మలుపు దాటాక కొండ మీంచి దొర్లిన రాయి రోడ్డు అంచున ఉంది. ఆయన నేరుగా దాని మీదికే పోతున్నాడు.

"రాయి!" అని అరిచాను.

పక్కకి తిప్పాడు. కాసేపటికి జేబులోంచి ఒక కారమెల్ తీసి, నా వైపు చూడకుండా ఇచ్చాడు.

తిన్నాను.

మే 2, గురువారం

అమ్మ, నేను ఈస్టర్‌కి నలభై గుడ్లకి ఎర్ర రంగు వేశాం. కొత్త గూడు కూడా వచ్చేసింది. అమ్మ వెండి కళ్ళు లోపల కట్టింది. రెండే. "నీ చదువు వల్లే ఈ ఇంట్లో కళ్ళకి భయం లేకుండా ఉన్నాం," అంది నాతో. నా చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి. కడిగినా పోలేదు.

మే 5, ఈస్టర్ ఆదివారం

మధ్యాహ్నం. గొర్రె ఇంకా కాలుతోంది, పెదనాన్న ఊచ తిప్పుతూ అందరినీ తిడుతున్నాడు. నేను గదిలోకి వచ్చి రాస్తున్నాను. మరచిపోకముందే మాటలన్నీ పెట్టుకోవాలి.

ఎర్ర గుడ్లు ఒకదానితో ఒకటి కొట్టి పగలగొట్టే పందెం మొదలైంది. అమ్మ నాన్న ప్లేటు పక్కన గుడ్డు పెట్టింది. కుడివైపు, కాస్త కింద. నాన్న బల్లంతా చూస్తున్నాడు. "నాకు గుడ్డేదే గరుఫాల్యా? అందరికీ ఇచ్చి మొగుణ్ణి మరిచావా?"

"నీ ముందే పెట్టానయ్యా, మూతి దగ్గర!"

పెదనాన్న పెద్దగా నవ్వాడు. "ఒరేయ్, ఇక నువ్వు కూడా నా పార్టీలో చేరు."

నాన్న నవ్వలేదు. బొగ్గులు తెస్తానని లేచి ఇంటి వెనక్కి వెళ్ళాడు. నేను ఆ గుడ్డు పట్టుకుని వెనకే వెళ్ళాను. కట్టెల మోపు దగ్గర నిలబడి ఉన్నాడు.

"నాన్నా, నా ముక్కు చూడు. కళ్ళు కదపకు."

"ఇదేం ఆట మళ్ళీ?"

"నా ముక్కే చూడు."

గుడ్డుని పైనుంచి నెమ్మదిగా తెచ్చాను.

"ఉంది. ఉంది. ఎర్రగా ఉంది. అక్కడా ఉంది."

కుడివైపు, కాస్త కిందికి తెచ్చాను.

"తీసేశావుగా," అన్నాడు.

నేను చెయ్యి దించలేదు. ఆయన కళ్ళు కదిపి చూశాడు. గుడ్డు నా వేళ్ళ మధ్యే ఉంది.

"నాకు తెలుసు తల్లీ," అన్నాడు.

"ఎప్పట్నుంచి?"

"ఆ రోజు నుంచే. మొదటిసారి దీపాల కోసమే చూశాను. దొరకలేదు. రెండోసారి ఆ డబ్బాలో దరువు దొరికింది. దాన్ని పట్టుకున్నాను. నువ్వు పట్టుకుంటావనుకున్నాను నన్ను. 'ఏం నాన్నా, మోసం చేస్తున్నావా' అంటావనుకున్నాను. నువ్వు సరిగ్గా పట్టావన్నావు."

నేను గుడ్డుని కట్టెల మీద పెట్టాను.

"నువ్వు చదువుకున్నదానివి. నువ్వు సరిగ్గా ఉందంటే, చదువుకున్నవాళ్ళ లెక్కలో ఇలాగే ఉంటుందేమో, దరువుకి కూడా పాసు ఇస్తారేమో అనుకున్నాను. డాక్టరమ్మ కూడా సంతకం పెట్టింది. నాకంటే మీకెక్కువ తెలుసు కదా." బొగ్గుల బస్తా మూతి విప్పుతూ, తల దించుకుని అన్నాడు: "గూడు పడ్డాక తెలిసింది, ఇద్దరం తోడుదొంగలమని."

"మరి ఎందుకు ఆపలేదు నాన్నా?"

"ఆపితే పిల్లల్ని బడికెవరు తీసుకెళతారు? వాళ్ళ గొర్రెలా? ఈ కొండ మీద ఇంకో బండి ఉందా? పన్నెండేళ్ళు నిన్ను ఈ బండిలోనే దింపాను. మంచు పడ్డ రోజు చక్రాలకి గొలుసులు కట్టి మరీ దింపాను. ఒక్కరోజు ఆలస్యం అయిందా నీకు?"

"లేదు."

"మరి!"

"కారమెల్స్ ఎందుకు ఇస్తున్నావు?"

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "అది ఆట."

"నాన్నా."

"మొదట ఆటే," అన్నాడు. బస్తాలో చెయ్యి పెట్టి, "మెల్పో బాగా ఆడుతుంది," అన్నాడు.

మెల్పో తన బూటు లేసు గురించి నాతో ఏం చెప్పిందో అప్పుడు చెప్పాను. ఒట్టు పెట్టించుకుందని తెలిసీ చెప్పాను. నాన్న కట్టెల మోపు మీద కూర్చుండిపోయాడు. చేతుల నిండా బొగ్గు. ఆ చేతులతోనే ముఖం తుడుచుకున్నాడు.

"నేను వెళ్ళి చెప్పలేను," అన్నాడు చివరికి. "స్తెర్యోస్ మోసం చేశాడని ఊళ్ళోవాళ్ళన్నా పరవాలేదు. వాడి కూతురే ముద్ర వేసిందని కూడా అంటారు. అది నా నోటితో చెప్పించకు. నువ్వు చెబితే నేను కాదనను. చెప్పకపోతే, బడి తెరిచిన రోజు ఏడింటికి బండి తీస్తాను. పిల్లలు నిలబడి ఉంటారు కదా."

ఊచ దగ్గర్నుంచి పెదనాన్న కేక వేశాడు: "బొగ్గులు తవ్వి తెస్తున్నారా ఇద్దరూ?"

నాన్న బస్తా భుజానికెత్తుకున్నాడు. గడప రాయి కుడివైపు ఎత్తుగా ఉంటుంది. "రాయి," అన్నాను. కాలెత్తి దాటాడు.

మే 7, మంగళవారం

పండగ సెలవులకి క్లినిక్ మూశారు. డాక్టరుగారు వాళ్ళ అమ్మగారింటికి వెళ్ళారు. ఫోను చేస్తే నా గొంతు మళ్ళీ "బాగానే ఉన్నాం" అంటుంది. అందుకని ఉత్తరం. ముందు ఇక్కడ రాసి, తర్వాత అక్షరం మార్చకుండా ఈమెయిల్‌లో పంపిస్తాను.

డాక్టర్ ఖ్రిసాంథి గారికి,

నవంబరు 17న మా నాన్న స్తెర్యోస్‌కి నేను చేసిన ఫీల్డ్ టెస్టుని నమ్మచ్చా అని మీరు అడిగారు. అవునన్నాను. అది అబద్ధం. ఆయన వెలుగు చూసి కాదు, మిషను చప్పుడు విని నొక్కారు. నాకు అది అప్పుడే తెలుసు. ఆపకపోగా అలాగే కానిమ్మన్నాను. అంతకుముందు చేసిన నిజమైన టెస్టు కాగితం ఫోటో దీనితో పంపుతున్నాను. మిషన్లోంచి దాన్ని తీసేసింది నేనే. రెండు కళ్ళలోనూ నడిమికి దగ్గరగా, కుడివైపు, కాస్త కింద చూపు లేదు. ప్రెషర్ పధ్నాలుగు. ఇది ఏ రకమో మీకు చెప్పనక్కరలేదు. నాకూ తెలిసే ఉండాలి. ఆ ప్రశ్నకి నాకు పంతొమ్మిది మార్కులు వచ్చాయి.

మొదట నా మీద దయ చూపమని రాశాను. కొట్టేశాను. మూడు పనులు అడుగుతున్నాను. మీరు సంతకం పెట్టిన సర్టిఫికెట్టు వెనక్కి తీసుకోండి. మా నాన్నని మళ్ళీ పిలవండి, టెస్టు ఇంకెవరిచేతనైనా చేయించి చుక్కలు మొదలుపెట్టండి. పిల్లలకి వేరే బండి ఇవ్వాలని జిల్లా ఆఫీసుకి మీ పేరుతో ఒక ముక్క రాయండి. నా పేరుతో రాస్తే ఇక ఎవరూ నమ్మరు. నమ్మకూడదు కూడా. పిల్లలు నలుగురు. వాళ్ళ బడి ఆగిపోతే, నేను చదువుకున్నదానికి అర్థం లేదు.

శిక్షణకి నా బదులు ఇంకెవరినైనా పంపండి. మిషను తాళంచెవులు బల్ల సొరుగులో ఉన్నాయి.

బడి 13వ తేదీ సోమవారం తెరుస్తారు. జిల్లా ఆఫీసు శుక్రవారం మధ్యాహ్నం మూసేస్తారు. అందుకని శుక్రవారం, మే 10, పగలు పన్నెండింటిలోపు నాకు జవాబు రాయండి. తిట్టినా సరే, ఒక్క మాటయినా సరే. అప్పటికి రాకపోతే సోమవారం పొద్దున ఏడింటికి నేనే వెళ్ళి గూడు మలుపు దగ్గర రోడ్డు మీద నిలబడి బండి ఆపుతాను. ఎడమవైపు నిలబడతాను, ఆయనకి నేను కనబడేలా.

స్తమాతా